పొడియక్షరములు - ఆంగ్లోపపదము

కూర్మన్నపాలెము కూడలి నుండి లోనికి మరలినచో కనబడు ఉక్కు కర్మాగారమునకు ఆంగ్లమున రెండు పొడియక్షరపు పేర్లు వాడుకలో నున్నవి. కర్మాగారమును వి.ఎస్.పి. అనియు, 1982లో ఏర్పడి దానిని నడుపుచున్న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థను ఆర్.ఐ.ఎన్.ఎల్. అనియు అందురు. అందలి ఉద్యోగి యొకనిని గూర్చి ఆంగ్లమున చెప్పవలసివచ్చినపుడు మొదటి పేరునకు ముందు ‘ఎ’ వచ్చును, రెండవదానికి ముందు ‘యాన్’ వచ్చును. మనిషి మారలేదు, కొలువు మారలేదు; ఉపపదము మాత్రము మారినది. కొలువునకై దరఖాస్తు వ్రాయు మన భాషాప్రవీణ విద్యార్థి తడబడుచున్నది ఇచ్చటనే.

ఈ తడబాటునకు అశ్రద్ధయే కారణమని పలువురు అధ్యాపకులు తలంతురు. నేనట్లు తలంపను. ఆంగ్లమున అచ్చులు ఐదు, తక్కినవి హల్లులు అని నేర్పి, ‘అచ్చునకు ముందు యాన్’ అను సూత్రమును చేతికిచ్చి పంపినది మనమే. ‘ఆర్’ అను లిపి హల్లే. కాని దాని పేరు ఆకారముతో మొదలగును. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్ అనునవియు అచ్చుతోనే మొదలగు పేర్లు. ‘యు’ అను లిపి అచ్చు, దాని పేరు యకారాది. కనుకనే యు.జి.సి. విరాళమునకు ముందు ‘ఎ’, ఎమ్.ఎ. పట్టమునకు ముందు ‘యాన్’. ఉపపదము లిపిని చూడదు, ధ్వనిని వినును.

చిక్కంతయు ఆ ధ్వనిలోనే యున్నది. తెలుగు మాటలకు మొదట యకారము లేదని చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) నిర్ణయించెను. అయినను ఎవరు, ఎక్కడ అను మాటలను యెవరు, యెక్కడ అని పలుకుట మనకు అలవాటు. ఆ అలవాటే ఆంగ్లాక్షరముల పేర్లకును సంక్రమించినది. యం.ఎ., యల్.ఐ.సి. అని వ్రాయువారు నేటికిని కలరు, విశాఖలోని ఎన్.ఎ.డి. కూడలి పలువురి నోట యన్.ఎ.డి. కూడలియే. యకారము వినబడగా విద్యార్థి ‘ఎ’ వ్రాయును. అతడు సూత్రమును మీరలేదు. అతని చెవికి అందినది మన ఉచ్చారణము. ఉపపదమగు ‘యాన్’ను సైతము మనము యకారముతోనే వ్రాయుచున్నాము గదా!

సంస్కృతము చదివినవారికి ఈ విషయము క్రొత్త కాదు. నఞ్సమాసమున ధర్మ శబ్దమునకు ముందు ‘అ’, ఆది శబ్దమునకు ముందు ‘అన్’: అధర్మము, అనాది. పాణిని నకారమునకు లోపము చెప్పి, అచ్చు పరమైనపుడు నుడాగమమును విధించెను. ఆంగ్లమున కథ వేరు. ఒకటి అను అర్థముగల ప్రాచీన శబ్దమునుండి ముందుగా పుట్టినది ‘యాన్’. హల్లునకు ముందు నకారము జారిపోగా ‘ఎ’ మిగిలినది. ప్రక్రియ వేరైనను ఫలము ఒక్కటే. అనధర్మము అని మన విద్యార్థి కలనైన వ్రాయడు. అతనికి ముందే యున్న ఈ తెలివిని ఆంగ్లపు తరగతిలో వాడుకొనకపోవుట మన లోపము.

హెచ్ అను అక్షరమున నిజమైన వివాదము కలదు. హిందుస్థాన్ షిప్‌యార్డును మనము హెచ్.ఎస్.ఎల్. అని హకారముతో పలుకుదుము. ఐర్లండునందును పలువురు అట్లే పలుకుదురు. ఆంగ్ల నిఘంటువులు ముందుగా చూపునది ‘ఏచ్’ అను ఉచ్చారణము, దానికి ముందు ‘యాన్’. దరఖాస్తులలో ‘యాన్’ వ్రాయుట క్షేమమని నా అభిప్రాయము. అయినను హెచ్ అని పలికి ‘ఎ’ వ్రాసిన విద్యార్థి జవాబును కొట్టివేయుట అన్యాయము. యమ్, యన్‌ల విషయమున ఈ సడలింపు తగదు. ఆ యకారము మన తావు దాటిన చదువరికి వినబడదు.

పొడియక్షరములు ఒకే మాటగా కలిసిపోయినపుడు లెక్క మరల మారును. కళాశాలల నాణ్యతను పరిశీలించుటకు 1994లో ఏర్పడిన సంస్థను అక్షరమక్షరముగా ఎన్.ఎ.ఎ.సి. అని చదివినచో ‘యాన్’, నాక్ అని చదివినచో ‘ఎ’. మన నివేదికలలో రెండవదియే ఉండదగును, అందరును నాక్ అనియే అనుచున్నారు గనుక.

పరీక్షలో ఇట్టి ఖాళీలను పూరింపుమని అడుగుదుమేని, ఆ పొడియక్షరములను పర్యవేక్షకుడు ఒకమారు పైకి చదివి వినిపించు ఏర్పాటు చేయవలెను. దీనికి అరనిమిషము చాలును.