ఎయిర్‌బ్రష్షు కొనబోవువారికి

మన పాఠశాలలో కొంతకాలముగా బొమ్మలకు రంగులు వేయు వ్యాసంగము ప్రబలుచున్నది. విజ్ఞాన ప్రదర్శనమునకు విమానముల నమూనాలును, క్రిస్మసు పండుగకు పశువులపాకలో నిలుపు ప్లాస్టరు గొఱ్ఱెలును, వార్షికోత్సవ నాటకమునకు కిరీటములును సిద్ధపఱచు బాలబాలికలు ఇప్పుడు కుంచెతో తృప్తినొందక, ఎయిర్‌బ్రష్షు కావలెనని యింట మారాము చేయుచున్నారు. వారి తల్లిదండ్రులు వచ్చి మమ్ము అడుగుచున్నారు: "అయ్యా, ఇది పిల్లవానికి అవసరమా? అవసరమైనచో ఎంతలో దొరకును?" ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను. నా అభిప్రాయమును ముందే చెప్పెదను. ఎయిర్‌బ్రష్షు ఎవరిది వారే కొనుక్కొనవలెను. దానికి గాలినిచ్చు కంప్రెసరు మాత్రము నలుగురు కలసి గాని, పాఠశాల పక్షమున గాని ఒక్కటి కొనిన చాలును. యింటింటను రెండింటిని విడివిడిగా కొనబోవుటచేతనే చేతనున్న కొద్ది సొమ్ము రెండు పనికిమాలిన వస్తువుల పాలగుచున్నది.

ఈ పనిముట్టు చేతిపనిని చెఱచునని మా తోటి ఉపాధ్యాయులలో కొందఱి తలంపు. నేను దాని నంగీకరింపజాలను. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. తరువాతి కాలమున ఆవిరికార్లకు ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్సిసు స్టాన్లీ యను అమెరికా దేశీయుడు ఛాయాచిత్రములకు రంగులద్దుటకై 1876లో ఇట్టి రంగుచిమ్ము పరికరమునకు పేటెంటు పొందెను. ఆ పిమ్మట అయొవా రాష్ట్రమున ఆబ్నరు పీలరును, 1890 తరువాత చార్లెసు బర్డిక్కును దీనిని ఒక దారికి తెచ్చిరి. అడుగుననున్న చిత్రము చెఱగకుండ దానిపై పలుచని రంగును పొరపొరలుగా పఱచుటయే నాడును నేడును దీని పని. గొఱ్ఱె వీపున తెలుపు క్రమముగా బూడిదవన్నెలోనికి దిగుట, ఆకాశము అంచున నీలము సన్నగిల్లుట కుంచెతో సాధింపవలెనన్న ఎంత నేర్పఱికైనను కష్టమే. గొఱ్ఱె కన్నును దిద్దుటకు మాత్రము మఱల కుంచెయే కావలెను. కొండపల్లి బొమ్మలకు కనుబొమలు తీర్చువారి చేతులను చూచినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. కావున ఒక సంవత్సరమైనను కుంచెపట్టి పనిచేయని పిల్లవానికి ఎయిర్‌బ్రష్షు కొనియిచ్చుట తొందరపాటే యని నేననుకొందును.

ఇక పనిముట్టు సంగతి. కొన సన్నగా చెక్కబడిన ఒక ఉక్కుసూది, అది సరిగా ఇమిడియుండు సన్నని నాజిలు, ఈ రెండే దీని ప్రాణము. గాలి ఆ నాజిలు చుట్టును వేగముగా పోవునప్పుడు అచ్చట ఒత్తిడి తగ్గును. తగ్గుటచే రంగు లోపలినుండి లాగబడి, గాలిలో కలసి మంచువలె చిమ్మబడును. పైతరగతులవారు బెర్నూలీ సూత్రమును చదివియున్నారు గదా, అదియే యిది. సూదిని ఎంత వెనుకకు లాగిన అంత రంగు వెలువడును. కొన్నిటిలో మీట నొక్కిన గాలియు రంగును ఒక్కసారిగా వచ్చును. మఱికొన్నిటిలో మీటను క్రిందికి నొక్కిన గాలి, వెనుకకు లాగిన రంగు వచ్చును. దీనిని డబుల్ యాక్షన్ అందురు. మొదటి రకము సులభమని చెప్పి దుకాణదారులు పిల్లలకు అంటగట్టుదురు. నేను రెండవదానినే కొనుడని చెప్పుదును. అది చేతికి అలవడుటకు కొన్ని దినములు హెచ్చు పట్టును గాని, ఒకసారి అలవడినపిమ్మట మఱియొకటి కొనవలసిన పని యుండదు.

రంగు పోయు గిన్నె పైనుండునది మేలు. రంగు తన బరువుచేతనే దిగును గనుక తక్కువ గాలితో పని జరుగును. నాలుగు చుక్కల రంగుతోనే ఒక గొఱ్ఱె ముగియును. క్రింద సీసా వ్రేలాడునది గోడలకు, తెరలకు తగును. నాజిలు కొలత 0.3 మిల్లీమీటర్లు మొదలు 0.4 మిల్లీమీటర్ల వఱకు ఉండవచ్చును. 0.2 మిల్లీమీటర్లది సన్నని గీతలు గీయునను ఆశతో దానిని కొందురు. నేర్చుకొనువాడు కలిపిన రంగు దానిలో మాటిమాటికి అడ్డుపడుటచేత గీత గీయుటకంటె శుభ్రపఱచుటకే కాలమంతయు సరిపోవును.

ఏ కంపెనీది కొనవలెనను ప్రశ్నకు చాలమంది పేర్లతో సమాధానము చెప్పుదురు. జపాను దేశపు ఇవాటా, జర్మనీ దేశపు హార్డర్ అండ్ స్టీన్‌బెక్, అమెరికా దేశపు బ్యాడ్జరు, పాష్ అనునవి పేరెన్నిక గన్నవే. అవి మంచివే. కాని మన పిల్లల యిండ్లలో ఆ వెలలు అందఱును భరింపగలవి కావు. పేరులేని చౌకరకములు అన్నియు చెడ్డవియు కావు. నేను అడుగునది ఒక్కటే: దీని సూదియు, నాజిలును విడిగా దొరకునా? ఏలయన, పిల్లవాని చేతిలో మొదట చెడునవి ఆ రెండే. సూది బల్లమీదనుండి ఒక్కసారి కొనమీద పడినచో వంగును. వంగిన సూదితో చిమ్మిన రంగు ఒక ప్రక్కకు ఒఱుగును. నాజిలు బియ్యపుగింజ కంటె పెద్దది కాదు. కొన్నిటిలో దానిని మరతో బిగింపవలెను. బలముగా బిగించినచో ఆ సన్నని మర తెగి సగము లోపలనే నిలిచిపోవును. కొన్నిటిలో నాజిలును ఊరక కూర్చుండబెట్టి పైమూత బిగించిన చాలును. నేర్చుకొనువారికి ఈ రెండవ రకము శ్రేయస్కరము. విడిభాగములు దొరకని రెండువేల రూపాయల వస్తువు కంటె, దొరకు నాలుగువేల రూపాయల వస్తువే చౌక. చౌకరకమే కొనవలసివచ్చినచో, కొనునాడే ఒక సూదిని, ఒక నాజిలును అదనముగా కొని దాచుకొనవలెను.

కంప్రెసరు విషయముననే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోవుచున్నారు. ఎయిర్‌బ్రష్షు క్రిందనే గుప్పెడంత యంత్రము తగిలించి, బ్యాటరీతో నడచునట్లు చేసి, రెండును కలిపి ఒకే డబ్బాలో అమ్ముచున్నారు. గత సంవత్సరము మన విద్యార్థి తండ్రి, ఆటో నడిపి జీవించువాడు, పండుగబట్టల కుంచుకొన్న సొమ్ముతో అట్టిదానిని కొనెను. మూడు వారములు గడచునప్పటికి గాలి తగ్గిపోయి, రంగు మంచువలె గాక తుంపరలు తుంపరలుగా రాలసాగెను. అమ్మినవారు మార్చియీయలేదు. ఆ బాలుడు మఱల రంగుల జోలికి రాలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఆ వస్తువు వెల కాదు, ఆ బాలుడు విరమించుకొనుట.

ఆ చిన్నయంత్రములలో గాలిని నిలువచేయు ట్యాంకు లేదు. చాలవాటిలో ఒత్తిడిని తగినంతగా దిద్దుకొను వీలు లేదు. నీటిని పట్టు సాధనము లేదు. పని జరుగవలెనన్న ఈ మూడును కావలెను. బొమ్మలపనికి చదరపు అంగుళమునకు 15 మొదలు 25 పౌనుల ఒత్తిడి చాలును గాని, అది ఎడతెగక సమముగా రావలెను. ట్యాంకు ఉన్నచో గాలి అలలుగా రాదు, మోటారుకును విశ్రాంతి దొరకును. నీటి సంగతి మన కోస్తావారికి మఱింత ముఖ్యము. ఆషాఢ శ్రావణములలో మన గాలి తడిగుడ్డవంటిది. దానిని నొక్కిపెట్టి చల్లార్చినచో నీరు దిగును. ఆ నీరు గొట్టముగుండ వచ్చి, ముగియవచ్చిన పనిమీద ఒక్క చుక్కగా ఉమ్మివేయును. ఇక కారు షెడ్డులో రంగులు వేయు పెద్ద కంప్రెసరును అడిగి తెత్తుమందురా, అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. దాని చప్పుడుకు ఇరుగుపొరుగు నిలువరు. గాలి నింపిన డబ్బాలు కొన్ని కలవు. వాడుచుండగానే అవి చల్లబడి ఒత్తిడి పడిపోవును, వెచ్చము చూడబోయిన నాలుగుమార్లు కొనునప్పటికి భారమగును.

మూడు లీటర్ల ట్యాంకును, రెగ్యులేటరును, నీటిని పట్టు గాజుబుడ్డియు గల చిన్న కంప్రెసరు వెల చౌకరకపు ఎయిర్‌బ్రష్షు వెలకు కొన్ని రెట్లుండును. గోపురము కట్టబోవువాడు ముందుగా లెక్కచూచుకొనవలెనన్న ఉపమానమును మన పిల్లలు ఎఱుగుదురు. ఈ లెక్కయు చూడుడు. గంటసేపు బొమ్మపని చేయు బాలుడు మీట నొక్కియుంచునది ఇంచుమించు పది నిమిషములే. తక్కిన కాలమంతయు కడుగుట, ఆఱబెట్టుట, రంగు కలుపుట, రంగు తగులరాని చోట్ల టేపు అంటించుట. అట్లయినచో ఒక్క యంత్రము చుట్టును నలుగురు కూర్చుండి పనిచేసినను ఎవరికిని కొఱత కలుగదు. ఎయిర్‌బ్రష్షు అట్లు కాదు. దానిలో రంగు ఎండవిడిచినవాడెవడు, సూది వంచినవాడెవడు అని తగవు వచ్చును. పదిమందిలో పాము చావదన్నట్లు, శుభ్రపఱచువాడు ఒక్కడును ఉండడు. తనదైనచో ప్రతివాడును భద్రముగా చూచుకొనును.

పాఠశాల నిధినుండి దీనికి సొమ్ము కోరుటకు నాకు సంకోచము లేదు. హార్మోనియము పాఠశాలది, ఫుట్‌బాలు పాఠశాలది, సూక్ష్మదర్శిని పాఠశాలది. వీనిని ఒక్కొక్క పిల్లవాడును తన యింట కొనుక్కొనవలెనని నేటివఱకు ఎవరును అనలేదు. ఉన్నవాని కొడుకు యింట గాలి యుండి, లేనివాని కొడుకు కిటికీనుండి చూచుచుండుట ఒక్క రంగులపని యందు మాత్రము ఏల సాగవలెను?

రంగుల విషయము క్లుప్తముగా చెప్పెదను. నీటిలో కలియు యాక్రిలిక్ రంగులే పిల్లలకు తగినవి. వానిని పాలవలె పలుచన చేయవలెను. మన వేసవిలో అవి సూదికొననే ఆఱి గట్టిపడును గనుక తడిగుడ్డతోనో, పత్తిపుల్లతోనో కొనను తుడుచుచుండవలెను. థిన్నరుతో కలుపు రంగులు నిగనిగలాడును గాని, వాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని, నిప్పునకు ఆహారము. లోపలి రబ్బరు వలయములను సైతము ఉబ్బించును. అవి పాఠశాలలో వలదు. నీటిరంగైనను మంచువలె గాలిలో తేలునది ముక్కులోనికి పోవును. చేతిరుమాలు దానిని ఆపదు. కావున ధూళినాపు మంచి మాస్కును ధరించి, కిటికీ తెఱచి పనిచేయవలెను. ఎయిర్‌బ్రష్షుకు వేలు వెచ్చించి మాస్కుదగ్గఱ వెనుదీయుట ఏనుగును కొని అంకుశమునకు బేరమాడుట.

ఈ సూచన అంగీకరింపబడినచో యంత్రమును డ్రాయింగు గదిలో తూర్పు కిటికీ ప్రక్కన ఉంచవచ్చును. తాళపుచెవి డ్రాయింగు ఉపాధ్యాయుని కడ నుండును. ప్రతి శనివారము మధ్యాహ్నము వచ్చినవారు ఒక పుస్తకములో పేరు వ్రాసి, తమ ఎయిర్‌బ్రష్షును తామే తెచ్చుకొని, పోవునప్పుడు తామే కడుగుకొనవలెను. ట్యాంకు అడుగుననున్న మరను సాయంకాలము విప్పి, లోపల చేరిన నీటిని వదలిపెట్టుట ఎనిమిదవ తరగతివారి వంతు.