తీరిక వేళ: వంకర ముక్కు పిట్ట

ఈ సంచిక మీ చేతికి అందేసరికి సంక్రాంతి ప్రయాణాల హడావిడి మొదలై ఉంటుంది. మన సండూరు తెలుగు కుటుంబాల్లో నెల్లూరు వైపు వెళ్ళేవారికి ఈసారి ఒక చిన్న పని అప్పగిస్తున్నాను.

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా వెళుతుంది. అక్కడ బండి ఆపిన ప్రతివారూ ఫ్లెమింగోలనే చూస్తారు. చూడాల్సిందే, వాటి పేరు మీద పండగే జరుగుతుంది మరి! నేను చూడమనేది మాత్రం వాటి కాళ్ళ దగ్గర బురదలో తిరిగే బూడిదరంగు పిట్టల్ని. మనవాళ్ళు వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తారు. కిందటి జనవరిలో మా బావమరిది కూడా అదే అన్నాడు. "ఉల్లంకులు బావా, అన్నీ ఒకటే. ఏదైతేనేం?" అని.

ఏదైతేనేం అన్న మాటకే ఈ నెల జవాబు.

ఆ గుంపులో అన్నిటికన్నా చిన్నది లిటిల్ స్టింట్. పిచ్చుకంత ఉంటుంది. ముక్కు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. నీటి అంచున అటూ ఇటూ పరుగెడుతూ పైపైన టకటకా పొడుస్తుంది. దాని పక్కనే ఇంకాస్త పెద్ద పిట్ట పొట్ట దాకా నీళ్ళలో దిగి, తల వంచి, ముక్కును లోపలికంటా గుచ్చి వెతుకుతుంటుంది. ఆ ముక్కు పొడుగ్గా ఉండి కొసన కిందికి వంగి ఉంటుంది. అదే కర్లూ శాండ్‌పైపర్. నా డైరీలో మాత్రం వంకరముక్కు అని రాసుకుంటాను. ఇంకా అనుమానంగా ఉంటే ఎగిరేదాకా ఆగండి. తోక మొదట్లో తెల్లటి పట్టీ మెరుస్తుంది. డన్లిన్ అనే పిట్ట దీన్ని చాలావరకు పోలి ఉంటుంది గాని, దాని తెలుపు మధ్యగా నల్లటి గీత దిగుతుంది.

రంగును నమ్ముకోకండి. జనవరిలో బూడిదరంగులో ఉన్న ఈ పిట్టే ఏప్రిల్, మే నెలల్లో తిరుగు ప్రయాణం కట్టేనాటికి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. బ్యాంకులో సంతకం సరిచూసేటప్పుడు సిరా రంగు చూడం గదా! చెయ్యి ఎక్కడ తిరిగింది, ఎక్కడ ఆగింది అని చూస్తాం. ఇక్కడా అంతే. కాలు, ముక్కు, మేసే తీరు చూడాలి. బీకాం చదివినవాడికి ఇంతకన్నా జంతుశాస్త్రం అక్కర్లేదు.

ఇది పుట్టేది రష్యా ఉత్తరపు కొసన, సైబీరియా టండ్రా నేలల్లో. అక్కడ లెమ్మింగు అనే ఎలుకజాతి జంతువు ఉంది. లెమ్మింగులు విరివిగా ఉన్న ఏడు నక్కలు వాటిని తిని ఊరుకుంటాయి. అవి తగ్గిన ఏడు ఈ పిట్టల గుడ్ల మీదా పిల్లల మీదా పడతాయి. అంటే ఎక్కడో మంచు నేలలో ఎలుకలు తగ్గితే మన పులికాట్‌లో ఆ శీతాకాలం పిల్లపిట్టలు పలచబడతాయన్నమాట. అది ప్రకృతి లెక్క, తర్వాతి ఏళ్ళలో పూడుతుంది. పూడనిది వేరే ఉంది. దారిలో దిగి మేసే బురద నేలల్ని మనిషి పూడ్చేస్తున్నాడు. తూర్పు దారిన పోయే పక్షులకు చైనా, కొరియాల మధ్యనున్న పసుపు సముద్రం తీరంలో జరిగింది ఇదే. 2024 అక్టోబరులో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో ఈ పిట్టను ఇంకా ఎక్కువ ప్రమాదమున్న వర్గంలోకి మార్చింది. బూడిద ప్లోవర్‌దీ అదే గతి.

ఇప్పుడు మా బావమరిది మాటకు వద్దాం. దేశంలో 1987 నుండి ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతోంది. చేసేవారిలో ఎక్కువమంది మనలాంటి ఔత్సాహికులే. "ఉల్లంకులు, వెయ్యి" అని ఒకే పద్దు రాసేస్తే అందులో వంకరముక్కులు ఏటేటా తగ్గుతున్నా మొత్తం వెయ్యిగానే కనబడవచ్చు. విడివిడి ఖాతాలు లేని లెడ్జరులో నష్టం ఎక్కడ వచ్చిందో ఏ ఆడిటరు చెప్పగలడు? ఇంత చెప్పాక మావాడు బైనాక్యులర్స్ లాక్కున్నాడు. మళ్ళీ నాకు ఇవ్వడానికి అరగంట పట్టింది.

వెళ్ళేవారికి రెండు మాటలు. ఆ రోడ్డు పడమటి నుండి తూర్పుకు పోతుంది, చలికాలం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. కాబట్టి ఉత్తరం వైపు చూస్తే ఎండ వీపు మీద పడి పిట్ట స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల్ని బురదలోకి దించకండి. పిట్టల్ని ఎగరగొడితే వాటి మేత సమయం పోతుంది. ముందు చూసింది రాసుకోండి, పేరు తర్వాత వెతకండి. పేరు తేలకపోతే "తేలలేదు" అని రాయండి, అదీ సరైన పద్దే.

ఊరికి వెళ్ళనివారు చిన్నబోనక్కర్లేదు. తారానగర దగ్గర మన నారిహళ్ళ కట్ట మీదికి పొద్దున్నే నడవండి. రాళ్ళ అంచున ఒక పిట్ట తోక వైపు పైకీ కిందికీ ఆడిస్తూ నడుస్తుంటుంది. భుజం దగ్గర తెల్లటి వంపు ఉంటుంది. అది కామన్ శాండ్‌పైపర్. సాధారణంగా ఒంటరిగానే తిరుగుతుంది కనుక లెక్క తేలిక.