మొక్కజొన్న వడ మన బడి పళ్లెంలోకి రావాలి



"తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి" అనే సామెత మనందరికీ తెలుసు. ఆ సామెతలోని గారెలు మినప్పప్పువి. మన తండాల్లో, పల్లెల్లో మినుములు కొనేది పండగకే. మరి పండగ కాని రోజు పిల్లలు గారెలు అడిగితే మన అమ్మలు ఏం చేసినారు? చేన్లోకి పోయి పచ్చి మొక్కజొన్న కంకులు విరుచుకొచ్చినారు. తెలంగాణా వైపు వీటిని మక్క గారెలు అంటారు. మన పక్క వడలు అంటాం. పేరు ఏదైనా రుచి ఒకటే.

ఈ వడ మన హాస్టలు పళ్లెంలోకి రావాలని నా అభిప్రాయం. ఏంటికో చెప్తాను, చదివి మీరే తీర్పు చెప్పండి.

"మొక్కజొన్న కోళ్ల మేత గదా, అది తినేదేంది?" అని మనలోనే కొందరు నవ్వుతారు. మన దేశంలో పండే మొక్కజొన్నలో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు పోయే మాట నిజమే. గంజిపిండి ఫ్యాక్టరీలకు పోతుంది. ఈమధ్య పెట్రోల్లో కలిపే ఇథనాలు కోసం కూడా పోతోంది. కానీ అదే మొక్కజొన్న పిండిని ఉబ్బించి, కారం చల్లి, రంగు పాకెట్లో పోసి అంగట్లో వేలాడదీస్తే డబ్బులిచ్చి కొనుక్కుంటాం. సగం గాలి ఉన్నా కొంటాం. అప్పుడు అది మేత అని ఒక్కరికీ గుర్తు రాదే! నాయన పండిస్తే మేత, పాకెట్లో వస్తే తిండి. ఇదేం న్యాయం?

ఇంకో సంగతి వినండి. మొక్కజొన్నను మొదట పంటగా చేసింది మెక్సికో దేశపు ఆదివాసులు. సుమారు 9,000 ఏళ్ల కింద వాళ్లు ఒక అడవి గడ్డిని సాగు చేసి, తరతరాలుగా మంచి గింజలు ఏరి విత్తి, దాన్ని ఇంత కంకిగా మార్చినారు. 1500 తర్వాత పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఇట్లాంటి పంటలు మన దేశానికి వచ్చినాయి. ఈ వడలో వేసే మిరపకాయా ఆ ఖండానిదే. మన మద్దికెర చేలల్లో పండే బుడ్డలూ, పత్తికొండ మార్కెట్టుకు పోయే టమోటాలూ అమెరికా ఖండాలవే. ఆదివాసులకు ఏం తెలుసు అనేవాళ్లు పొద్దున లేస్తే తినేది ఆదివాసుల పంటలే. కాబట్టి ఈ తిండిని చూసి మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. ఒట్టి మొక్కజొన్న ఒక్కటే తింటే చాలదు. ఇటలీలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బీదవాళ్లు ఏళ్ల తరబడి అదొక్కటే తిని, పెలాగ్రా అనే రోగం వచ్చి వేలమంది చనిపోయినారు. మెక్సికో వాళ్లు మాత్రం గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, చిక్కుళ్లతో కలిపి తిని బాగున్నారు. మొక్కజొన్న మాంసకృత్తుల్లో తక్కువైనది పప్పులో ఉంటుంది. మన అవ్వలు ఈ పుస్తకాలు చదవలేదు. అయినా రుబ్బేటప్పుడు గుప్పెడు నానబెట్టిన శనగపప్పు వేసినారు.

అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. మా అమ్మకు ఈ వడ మా అవ్వ నేర్పింది. పుస్తకం చూసి కాదు, రోలు దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పింది. నేను అయిదో తరగతి నుంచి హాస్టల్లోనే ఉన్నా. వానాకాలం పంట కంకి పాలు పట్టేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అప్పుడు మనం బడిలో ఉంటాం. దసరా సెలవులకు ఇంటికి పోయి, మద్దికెరలో గుర్రాల పందెం చూసి చేన్లోకి పోతే కంకి ముదిరి ఉంటుంది. సంక్రాంతి నాటికి ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పక్క ఎన్నో ఇండ్లకు తాళాలు పడతాయి. అమ్మానాయన్లు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. వాళ్లు తిరిగి వచ్చి, మనం ఎండాకాలం సెలవులకు పోయేసరికి చేన్లో గడ్డిపోచ కూడా ఉండదు. ఇంక ఎవరు నేర్పాలి, ఎప్పుడు నేర్చుకోవాలి? చదువు కోసం ఇల్లు వదిలినాం, మంచిదే. ఇంట్లో నేర్చుకోవాల్సింది కూడా వదులుకోవాలని ఎవరూ చెప్పలేదు గదా.

చేసే విధానం కష్టమేమీ కాదు. గింజను గోటితో గిల్లితే పాలు కారాలి. నీళ్లు కారితే ఇంకా లేత, ఏమీ కారకపోతే ముదిరినట్టు. కోసిన పూటే రుబ్బాలి. నిలవ పెడితే గింజలోని తీపి తగ్గి పిండి అవుతుంది. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, శనగపప్పు వేసి బరకగా రుబ్బాలి. చుక్క నీళ్లు పోయకూడదు, గింజలోని పాలే చాలు. నీళ్లు పోస్తే వడ విరుగుతుంది, నూనె తాగుతుంది. ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు చివర్లో కలపాలి. ముందే ఉప్పు వేస్తే ఉల్లిగడ్డ నీళ్లు వదులుతుంది. పిండి జారుగా ఉంటే కొంచెం బియ్యప్పిండి కలుపుకోవచ్చు. తడిగుడ్డ మీద తట్టి, నడుమ చిల్లు పెట్టి, మధ్యస్థంగా ఉన్న మంట మీద ఎర్రగా కాల్చాలి. నలగని గింజ ఉంటే నూనెలో టప్పుమని పేలుతుంది, జాగ్రత్త!

వంటమ్మలకు పని ఎక్కువైతుందని కొందరు అంటారు. న్యాయమైన మాటే. అందుకే పొట్టు తీసేది, గింజలు వొలిచేది, రోట్లో రుబ్బేది మనమే చేద్దాం. ఆడపిల్లలు మాత్రమే కాదు, మగపిల్లలు కూడా. మగపిల్లలు కూడా తింటారు గదా! కాగే నూనె దగ్గర మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. నూనె ఖర్చు ఉంది కాబట్టి వారం వారం అడగడం లేదు. కంకుల కాలంలో ఒక్క ఆదివారం చాలు. చేను ఉన్నవాళ్ల నాయన తలా పది కంకులు పంపినా బడికంతా సరిపోతుంది. ఆ రోజు ఊర్లో ఉన్న ఒక అమ్మను పిలిచి, రోలు దగ్గర కూర్చోబెట్టి, "అమ్మా, మాకు నేర్పించు" అని అడుగుదాం. బళ్లో ఆమెను టీచరుగా కూర్చోబెట్టడం ఆమెకూ గౌరవం, మనకూ గౌరవం.

ఈ విషయం హెడ్మాస్టరు గారికి, వార్డెను గారికి చెప్పాలంటే నా ఒక్కదాని మాట చాలదు. ఒప్పుకునేవాళ్లు ఈ కాగితం కింద సంతకం పెట్టండి. ఒప్పుకోనివాళ్లు కారణం రాసి పక్కనే అంటించండి. రెండూ చదువుతాను.

— పదో తరగతి విద్యార్థిని