అమ్మబోతే అడవి

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని తెలుగునాట ఒక సామెత కలదు. కొనదలచినవానికి ప్రతి వస్తువును కొరివివలె చేయి కాల్చును. అమ్మదలచినవానికి ఊరెల్ల అడవివలె నిర్మానుష్యముగా తోచును. ఈ సామెతలోని మొదటి సగమునకు అర్థము ఇల్లు అమ్మజూపినవానికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. ధాన్యము నేడు అమ్ముడుపోకున్న రేపు పోవును. బంగారమును ఏ ఊరి అంగడికైనను తీసికొనిపోవచ్చును. ఇల్లు కదలదు. దాని వెల అది నిలిచియున్న వీథిలోనే తేలవలెను. ఆ వీథిలో కొనువారు కరవైననాడు అమ్మువాని ఓర్పుతో పాటు నీతియు పరీక్షకు వచ్చును.

ఇట్టి మందకొడి దినములు తెలుగువారికి క్రొత్తవి కావు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను ద్రవ్యసంస్థ కూలినపుడు దాని అదురు హైదరాబాదు శివారులలోని స్థలముల వెలలవరకు వచ్చినది. 2016 నవంబరు 8వ తేదీన పెద్ద నోట్లు రద్దయినపుడు రొక్కముతో నడచు బేరములు నిలిచిపోయినవి. రాజధాని ప్రకటనతో 2014, 2015 సంవత్సరములలో పెరిగిన కృష్ణా, గుంటూరు ప్రాంతముల భూముల వెలలు 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వెలువడిన పిదప దిగజారినవి. ఇవి పత్రికలకెక్కిన మాంద్యములు. పత్రికలకెక్కని మాంద్యమొకటి డెల్టా గ్రామములలోను, చిన్న పట్టణములలోను ఏండ్ల తరబడి సాగుచున్నది. పిల్లలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రముల ఆవలికో పోయిరి. పెద్దలు కొందఱు గతించిరి, కొందఱు పిల్లల యొద్దకు చేరిరి. మండువా లోగిళ్లకు తాళములు పడినవి. అమ్మువారు పలువురు, కొనువారు కొందఱు.

ఇట్టి పట్టణమున ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఊహింపవచ్చును. తండ్రి కట్టిన పెంకుటిల్లు, దాని వెనుక తాను అప్పు చేసి వేసిన రెండు గదుల డాబా, పెరటిలో నుయ్యి, ఇదియే అతని ఆస్తి. భార్య వైద్యమునకో, పట్నములో కుమారుని చెంత ఒక చిన్న వసతికో ఆ ఇల్లు అమ్మవలసి వచ్చినది. ఏడాది గడచినను బేరము కుదరలేదు. అప్పుడతనికి రెండు సలహాలు వినవచ్చును.

మొదటిది దళారి సలహా. "మాష్టారూ, గోడలకు మంచి రంగు వేయించండి. చెమ్మ మరకల ముందు బీరువా పెట్టించండి. చూడవచ్చిననాడు దీపాలన్నీ వెలిగించి, అగరువత్తులు ముట్టించండి. తక్కినది నేను చూచుకొంటాను" అని అతడనును. రెండవది పొరుగువాని సలహా. "అమ్మేయింటికి ఖర్చెందుకు? ఉన్నదున్నట్లు అమ్మేయండి. కొన్నవాడెలాగూ పడగొట్టుకొంటాడు" అని అతడనును. మొదటి సలహాలో మోసమున్నది, రెండవ సలహాలో సోమరితనమున్నది. రెండింటికిని మూలమొక్కటే. ఇంటిని సిద్ధము చేయుట యనగా అలంకరించుటయే యని ఇరువురును తలచుచున్నారు. అది పొరపాటు. మందబేరపు దినములలో ఇంటిని సిద్ధము చేయుట యనగా కొనువాని సందేహములను ఒక్కొక్కటిగా తొలగించుట. సందేహము కప్పిపుచ్చిన పోదు. బాగుచేసిననో, బయటపెట్టిననో మాత్రమే పోవును.

ఈ మాట కేవలము నీతిబోధ కాదు, అర్థశాస్త్రమును ఇదియే చెప్పును. 1970లో జార్జి అకెర్లాఫ్ అను అమెరికా పండితుడు పాత మోటారుకార్ల బేరమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. బండిలోని లోపము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కావున కొనువాడు ప్రతి బండియందును లోపమున్నదని శంకించి వెల తగ్గించి అడుగును. ఆ వెలకు మంచి బండి గలవాడు అమ్మనొల్లక తొలగిపోవును. అంగడిలో చెడ్డ బండ్లే మిగులును. ఈ విచారణకు గాను 2001లో అతడు మఱి యిద్దఱితో కలిసి నోబెల్ పురస్కారము నందెను. పాత యిండ్ల బేరమునకు ఈ న్యాయము చక్కగా వర్తించును. కొనువారు మెండుగా ఉన్న దినములలో శంకించువాడు శంకించుచుండగనే మఱియొకడు కొనిపోవును. కొనువారు అరుదైననాడు శంకయే బేరమునకు యజమాని. అట్టివేళ తన ఇంటి లోపములను తానే చెప్పగలవాడు తక్కిన అమ్మకందారుల గుంపునుండి వేఱుపడి కనబడును.

చట్టమును ఈ పక్షముననే ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్య లోపము ఆస్తియందుగాని, హక్కునందుగాని ఉన్నచో అమ్మువాడు దానిని తెలుపవలెను. తెలుపకుండుట మోసమే యని అదే సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. చట్టము ఒకవైపే చూడలేదు. అమ్మువాని హక్కును గూర్చి, దాని విలువను హెచ్చించు విషయమేదైన అమ్మువానికి తెలియక కొనువానికి తెలిసినచో, కొనువాడును దానిని చెప్పవలెనని విధించినది. అంతకు ఎంతో పూర్వమే కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇంటి విక్రయ విధిని చెప్పినది. ఇంటి యెదుట, ఇరుగుపొరుగు నలువది కుటుంబములవారి సమక్షమున వెల ప్రకటించి, కొనువారెవ్వరని ముమ్మారు పిలువవలెను. కొనుటకు జ్ఞాతులకు, పొరుగువారికి, అప్పిచ్చినవారికి వరుసగా మొదటి అవకాశము, వారి పిదప బయటివారికి. ఇంటి గుట్టు తెలిసిన పొరుగువారి యెదుట జరుగు బేరములో గోడ మరకను బీరువాతో కప్పుట సాధ్యము కాదుగదా!

ఇక చేయవలసిన పనులలో మొదటిది నీటి సంగతి. పాత యింటికి శత్రువు వయస్సు కాదు, నీరు. పెంకుటింట పగిలిన పెంకులు మార్చవలెను. చూరు క్రింద వాసముల కొనలు పుచ్చినవేమో తట్టి చూడవలెను. డాబాపై నీరు నిలుచు పల్లములను, మూసికొనిపోయిన తూములను సరిచేయవలెను. పిట్టగోడ పగులులో మొలచిన రావి మొక్కను కోసివేయుట చాలదు, వేరుతో తీసి పగులు పూడ్చవలెను. స్నానపుగది నీరు గోడ మొదటికి పోకుండ మళ్లింపవలెను. ఇవన్నియు అయిన పిదప గోడ ఆరుటకు వ్యవధి ఇయ్యవలెను. ఆరిన గోడకే రంగు. సున్నముతో కట్టిన పాతగోడ చెమ్మను పీల్చి తిరిగి గాలిలోనికి విడుచును. దానిపై సిమెంటు పూత పూసినచో చెమ్మ లోపలనే చిక్కుకొని, కొన్నాళ్లకు ఆ పూతను పెచ్చులుగా ఊడదీయును. అట్టి గోడకు వెల్లసున్నమే చాలును. సంక్రాంతికి ఇంటికి సున్నము వేయు ఆచారము గల తెలుగువారికి ఇది క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

రెండవది చెదలు. తలుపు చట్రమున మట్టిగీతలు కనబడినచో వాటిని తుడిచివేసినంత మాత్రమున చెదలు పోదు. మందు వేయించి, ఆ రసీదు దాచి, వచ్చినవారికి చూపవలెను. మూడవది చెక్క పట్టీలపై పరచిన పాత విద్యుత్తీగలు. నాలుగవది బిగిసిన తలుపులు, కారు కుళాయిలు, మూతలేని నుయ్యి. చిన్న లోపములు చిన్నవైనను, యజమాని ఇంటిని పట్టించుకొనలేదని అవి చాటును. కుళాయిని నిర్లక్ష్యము చేసినవాడు కప్పును మాత్రము కాపాడియుండునా యని కొనువాడు తలచుట సహజము.

చేయకూడని పనియు ఒకటి కలదు. అమ్మకమునకు ముందు వాస్తు పేర ద్వారములు మార్పించుట, మెట్లు పడగొట్టించుట పలువురు చేయుచున్నారు. ఇది వ్యర్థ వ్యయము. అమ్మువాని వాస్తు పండితుడు సరియన్నదానిని కొనువాని వాస్తు పండితుడు తప్పనవచ్చును. పైకప్పు బరువు మోయు గోడలో క్రొత్త ద్వారము తొలిచినచో లేని లోపమును కొని తెచ్చుకొన్నట్లగును.

కష్టమైన పని ఇల్లు ఖాళీ చేయుట. ఒక కుటుంబము నిండియున్న ఇంటిలో మఱియొక కుటుంబము తన్ను తాను ఊహించుకొనలేదు. అటకపై ఇత్తడి గంగాళములు, మూలను విరిగిన పడకకుర్చీ, ముప్పది యేండ్ల ప్రశ్నపత్రముల కట్టలు, గోడనిండ పెద్దల పటములు ఉన్నచోట గది కొలత కనబడదు. పటములు దింపునపుడు చేయి వణకును. దూలమునకున్న ఉయ్యాల కొక్కెము చూచినపుడు ఆ దూలము క్రింద ఊగిన పిల్లలు జ్ఞప్తికి వత్తురు. ఈ దుఃఖమును చులకన చేయరాదు. కాని దానికొక మార్గము కలదు. ఉపాధ్యాయుని గ్రంథములు పాఠశాల గ్రంథాలయమునకు పోవచ్చును. పాత్రలు కుమార్తెలు పంచుకొనవచ్చును. పటములు పిల్లల యిండ్లకు చేరవచ్చును. నేలలో పాతిన రోలును, తులసికోటను క్రొత్తవారికి విడిచిపెట్టవచ్చును. వస్తువులు తమతమ చోట్లకు చేరిన పిదప మిగిలిన గదిలో వెలుతురు ఎంత వచ్చునో మొదటిసారి యజమానికే తెలియును.

ఇంటికన్న ముందు శుభ్రపడవలసినవి కాగితములు. మూల దస్తావేజు, లింకు దస్తావేజులు, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము ఇచ్చు ఈసీ, ఇంటిపన్ను రసీదులు, డాబా వేసినప్పటి అనుమతి, తీర్చిన అప్పునకు బ్యాంకు ఇచ్చిన పత్రము ఒక్క సంచిలో ఉండవలెను. వీనికంటె ముఖ్యము వారసుల సమ్మతి. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అప్పటికి అవివాహితలైన కుమార్తెలకు సమానభాగ మిచ్చినది. 2005 నాటి కేంద్ర సవరణ కుమార్తెల నందఱిని కుమారులతో సమము చేసినది. అయినను ఆడపడుచుల సంతకము లేకయే ఇల్లు అమ్మజూచువారు నేటికిని కలరు. అది చెదలకంటె పెద్ద లోపము. గోడలెంత తెల్లగా మెఱసినను అక్కగారి సంతకము లేని ఇల్లు పైన పటారము, లోన లొటారము.

కొలతలయందును ఇదే న్యాయము. అంకణము ప్రాంతమును బట్టి మారు కొలత. సెంటు 48.4 చదరపు గజములు. కావున స్థలమును గజములలో, గదులను అడుగులలో కొలిచి చెప్పుట మేలు. ఇప్పుడు దూరదేశముననున్నవారు సెల్‌ఫోనులో చిత్రములు చూచి ఇండ్లు ఎంచుచున్నారు. చిన్న గదిని విశాలముగా చూపు కటకములు కలవు. వానిని నమ్మి వచ్చినవాడు గడపలోనే నిరాశపడును. నిరాశపడినవాడు నిజముగా మంచిదైన పెరటినికూడ చూడక మరలిపోవును.

వెల సంగతి లెక్కల ఉపాధ్యాయుడు సులభముగా గ్రహించును. 60 లక్షలకు పోగల ఇంటికి 65 లక్షలు పట్టుపట్టి రెండేండ్లు ఆగినాడనుకొన్నచో, నూటికి ఆరు చొప్పున బ్యాంకు వడ్డీయే 7 లక్షల 20 వేలు పోవును. ఇంటిపన్ను, మరమ్మతులు, కాపలా దీనికి అదనము. కోరిన హెచ్చు చివరకు దొరకినను నష్టమే. కొనువానికి వెలపైని భారమును ఉన్నది. తెలంగాణలో 2021 జులైలో రిజిస్ట్రేషను, స్టాంపు, బదిలీ రుసుములు కలిపి 6 శాతమునుండి 7.5 శాతమునకు పెరిగినవి. అతడు ఇంటి వెలతో ఆ మొత్తమును కూడ కలిపియే తన తాహతు చూచుకొనును. పైగా ఏండ్ల తరబడి అమ్మకమునకు నిలిచిన ఇంటిని ఊరు అనుమానించును. మొదటి నెలలో న్యాయమైన వెల చెప్పుట రెండవ యేట తగ్గించుటకంటె లాభము.

"బాగుచేయించుటకు డబ్బే ఉన్నచో అమ్ముట యెందుకు?" అని ఒక ఆక్షేపణ రావచ్చును. అది న్యాయమైన ప్రశ్న. శక్తి లేనివాడు కప్పు మార్పింపలేకపోవచ్చును. కాని మేస్త్రీ చేత అంచనా వేయించి, "ఇచ్చట కురియుచున్నది, దీనికింత యగును, అంత తగ్గించితిని" అని చెప్పగలడు. ఆ మాటకు ఖర్చు లేదు. లోపముతో అమ్ముట దోషము కాదు, లోపమును దాచి అమ్ముటయే దోషము.

ఆషాఢమున బేరములు సాగవని తెలుగునాట వాడుక. శూన్యమాసమని కొనువారు వెనుదీయుదురు, అమ్మువారును ఊరకుందురు. కాని వానలు దిగు ఆ మాసమే ఇల్లు చూపుటకు తగిన కాలము. రిజిస్ట్రేషను శ్రావణమునకు పెట్టుకొనవచ్చును. వాన కురియుచుండగా కొనువానిని పిలిచి, గది గదియు త్రిప్పి, పైకప్పు చూపగలవాడు వేఱుగా ఏమియు చెప్పనక్కఱలేదు.

ఇల్లు అమ్మినంతమాత్రమున అమ్మినవాడు ఊరినుండి మాయమైపోడు. ఊరు విడిచిపోయినను అతని పేరు ఆ వీథిలోనే ఉండును. వందలాది పిల్లలకు సత్యము పలుకుమని చెప్పిన ఉపాధ్యాయుని పేరైనచో అది మఱింత కాలముండును. దస్తావేజుపై సంతకము రిజిస్ట్రారు యెదుట జరుగును. ఆ సంతకము విలువ మాత్రము క్రొత్త కాపురము దిగిన పిదప వచ్చు మొదటి వానలో తెలియును.