చెరువు ప్రక్కన ఇల్లు: పొలము అమ్మి కొనవచ్చునా?



ఈమధ్య మేము ఏ గ్రామ సంఘమునకు వెళ్ళినను ఒక ప్రశ్న తప్పక వినుచున్నాము. "అయ్యగారూ, మా అబ్బాయి హైటెక్ సిటీలో పని చేస్తున్నాడు. చెరువు పక్కన ఫ్లాటు చూశాడట. ఆఫీసుకు నడిచిపోవచ్చునట, పొద్దున్నే గట్టు మీద తిరగవచ్చునట. రెండెకరాలు అమ్మి డబ్బు పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?" ఒకరిద్దరు కాదు, అనేక కుటుంబముల వారు అడుగుచున్నారు గనుక ఈ నెల ఈ పేజీని దీనికే కేటాయించుచున్నాము.

బిడ్డ మంచి చోట ఇల్లు కోరుకొనుట తప్పు కాదు. విశాఖపట్నములో ఉన్నవారు సముద్రపు ఒడ్డున ఇల్లు దొరికితే బాగుండునని ఆశపడుదురు. హైదరాబాదుకు సముద్రము లేదు, చెరువులున్నవి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఆ బండరాళ్ళ ప్రాంతము రూపమే మారిపోయినది. జూబ్లీహిల్స్‌కు మాదాపూర్‌కు నడుమ గుట్టల చాటున ఉన్న దుర్గం చెరువు గోల్కొండ కోటవారికి త్రాగునీరు ఇచ్చిన చెరువని చెప్పుదురు. నేడు దాని చుట్టూ నడక దారి వేసిరి. 2020 సెప్టెంబరు 25న దాని మీద తీగల వంతెన తెరిచిరి. 2019లో మెట్రో రైలు మొదట హైటెక్ సిటీకి, ఆ తరువాత రాయదుర్గమునకు వచ్చినది. కాబట్టి మీ బిడ్డ చెప్పునది కల కాదు. అట్టి చోట్లు ఉన్నవి. అయితే కొనకముందు కుటుంబమంతయు కూర్చుండి అయిదు సంగతులు ఆలోచించవలెనని మా మనవి.

మొదటిది, నీరు. ఈ విషయములో పట్టణములో చదివిన కుమారునికంటె పల్లెలో ఉన్న తండ్రికే ఎక్కువ తెలియును. చెరువు నిండి అలుగు పారునప్పుడు నీరు ఎంతవరకు నిలుచునో మీకు తెలుసు. ఎండాకాలములో బయటపడిన శిఖం భూమి చెరువుదే గాని మరొకరిది కాదని కూడ మీకు తెలుసు. ప్రభుత్వమువారు ఎఫ్.టి.ఎల్. అని పిలుచునది ఇదే, అనగా నిండు చెరువు నీటి మట్టము. దానికి బయట మరికొంత నేలను కూడ ఖాళీగా విడువవలెను. దానిని బఫర్ అందురు. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అనగా సుమారు పాతిక ఎకరములు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువుకు 9 మీటర్లు బఫరుగా విడువవలెను. సముద్రతీరమునకు సైతము ఇట్టి గీత ఉన్నది. 1991లోనే కేంద్ర ప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను ఇచ్చినది.

ఈ గీతను లెక్కచేయనివారికి ఏమి జరిగినదో అందరు చూచిరి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము హైడ్రా అను సంస్థను ఏర్పరచినది. ఆ ఆగస్టులో దుర్గం చెరువు చుట్టునున్న అనేక ఇళ్ళకు, అవి చెరువు హద్దులో ఉన్నవని రెవెన్యూ అధికారులు నోటీసులిచ్చిరి. నివాసులు హైకోర్టును ఆశ్రయించిరి. సెప్టెంబరు 8న మాదాపూర్ సున్నం చెరువులోని కట్టడములను, మల్లంపేటలో కత్వ చెరువు ప్రక్కనున్న విల్లాలను యంత్రములతో కూల్చిరి. నోటీసు వచ్చిన ఇంటివాడు నిజముగా తప్పు చేసెనా లేదా అనునది న్యాయస్థానము తేల్చవలసిన సంగతి. కాని జీవితకాలపు సంపాదన పెట్టి కొన్న ఇంటి గోడకు నోటీసు అంటించి ఉండగా ఏ తల్లి నిద్రపోగలదు?

నీరు కూడ తన దారిని మరచిపోదు. హైదరాబాదు చెరువులు అనేకము గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు నీరు కాలువ ద్వారా క్రింది చెరువుకు పోవలెను. ఆ కాలువ మీద ఇళ్ళు లేచిన యెడల నీరు ఇళ్ళలోనికి వచ్చును. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షములకు పట్టణపు దక్షిణ భాగములో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినవి. అందుచేత తండ్రులారా, ఫ్లాటు చూచుటకు మీరు స్వయముగా వెళ్ళుడి. వానకాలములో వెళ్ళుడి. కట్ట ఎక్కడ, తూము ఎక్కడ, అలుగు ఎటు, ఆ నీరు ఏ దారిన పోవునని అడుగుడి. అక్కడి పాత కాపులను, చేపలు పట్టువారిని అడుగుడి. హెచ్.ఎం.డి.ఎ. వారు తమ వెబ్‌సైటులో చెరువుల హద్దు పటములు ఉంచిరి. ఆ చెరువుకు తుది నోటిఫికేషను వచ్చినదా, ప్రాథమిక నోటిఫికేషనేనా అని మీ బిడ్డను చూడమనుడి. ప్రాథమికమైతే హద్దు ఇంకను మారవచ్చును. పొరుగువాని హద్దురాతిని జరుపకూడదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. చెరువు కూడ ఊరందరికి పొరుగువాడే.

రెండవది, నడక. "ఆఫీసు కిలోమీటరే" అని చెప్పుట సులభము. ఆ కిలోమీటరులో కాలిబాట ఉన్నదా? ఫ్లైఓవరు క్రింద రోడ్డు దాటుటకు దారి ఉన్నదా? రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ఒంటరిగా నడువగలదా? పటము మీద కొలిచిన దూరము వేరు, చెప్పులతో కొలిచిన దూరము వేరు. మరొక మాట. పల్లెలో మీ ఇంటి తల్లి ఎవరిని అడుగకుండ గుడికి, కొట్టుకు, పొరుగింటికి నడిచిపోవును. రేపు ఆమె మనవల కొరకు పండ్రెండవ అంతస్తులో ఉండవలసి వచ్చినప్పుడు కూరగాయలకు, ఆసుపత్రికి, ఆదివారము ఆరాధనకు తనంతట తాను వెళ్ళగలదా? వెళ్ళగలిగిన యెడల అది నిజముగా నడువదగిన చోటే. లేని యెడల చెరువు ఎంత అందముగా కనబడినను కిటికీలోని బొమ్మయే.

చెరువు దగ్గరకు ఉదయము మాత్రమే కాక సాయంకాలము కూడ వెళ్ళి చూడుడి. మురుగు కలిసిన చెరువులో గుర్రపుడెక్క పెరుగును, దోమలు, వాసన ఇంటిలోనికి వచ్చును. దుర్గం చెరువు కూడ ఈ బాధ పడినదే. ఎదుట చెరువున్నంత మాత్రమున కుళాయిలో నీరుండునని తలంచవద్దు. 2024 వేసవిలో మాదాపూర్ ప్రాంతపు అపార్టుమెంట్లవారు అనేకులు ట్యాంకరు నీటి మీద ఆధారపడిరి. నెలకు ఎన్ని ట్యాంకర్లు కొనుచున్నారో వాచ్‌మన్‌ను అడిగిన యెడల దాచకుండ చెప్పును.

మూడవది, కాగితములు. యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలము కొనినప్పుడు పదునేడు తులముల వెండి తూచి ఇచ్చెను, పత్రము వ్రాసి ముద్ర వేసెను, సాక్షులను పెట్టెను, ఆ పత్రములు బహుకాలముండునట్లు మంటికుండలో ఉంచమనెను. శత్రువు ముట్టడి వేసియుండగా కూడ ఆయన కాగితము విషయములో అజాగ్రత్త చూపలేదు. మనము చూపవచ్చునా?

క్రొత్త ఇల్లయితే రెరా నమోదు సంఖ్య అడుగుడి. 2016 నాటి ఆ చట్టము ప్రకారము అయిదు వందల చదరపు మీటర్ల స్థలము గాని ఎనిమిది ఫ్లాట్లు గాని మించిన ప్రాజెక్టు నమోదు కాకుండ అమ్మకూడదు. ఒప్పంద పత్రము వ్రాసి రిజిస్టరు చేయకముందు వెలలో పది శాతము కంటె ఎక్కువ తీసికొనకూడదు. కొన్నవారి సొమ్ములో డెబ్బది శాతము ఆ ప్రాజెక్టు కొరకే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెను. ఇల్లు అప్పగించిన తరువాత అయిదు సంవత్సరములలోపు కట్టడములో లోపము బయటపడిన యెడల ఉచితముగా సరిచేయవలెను. "ఇప్పుడే కట్టండి, ధర పెరుగుతుంది, రెరా తరువాత వస్తుంది" అనువాని మాట వినవద్దు. పాత ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, మీ వంతుకు వచ్చు అవిభక్త భూమి ఎన్ని గజములో చూడవలెను. బ్యాంకు అప్పు ఇచ్చినది గనుక అంతా సరిగానే ఉన్నదని అనుకొనవద్దు. మీ స్వంత వకీలుకు కొంత రుసుము ఇచ్చి చూపించుకొనుడి.

నాల్గవది, ఖర్చు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను గదా. లెక్క సులభముగా ఉండుటకు ఇంటి వెల కోటి రూపాయలనుకొందము. బ్యాంకు డెబ్బది అయిదు లక్షలు ఇచ్చిన యెడల పాతిక లక్షలు చేతినుండి పెట్టవలెను. 2021 జూలైలో పెంచిన లెక్క ప్రకారము రిజిస్ట్రేషను ఖర్చు ఏడున్నర శాతము, అనగా ఏడున్నర లక్షలు. కట్టుచున్న ఇల్లయితే జి.ఎస్.టి. అయిదు శాతము, మరి అయిదు లక్షలు. మొత్తము ముప్పది ఏడున్నర లక్షలు. ఎనిమిదిన్నర శాతము వడ్డీకి ఇరువది సంవత్సరములైతే నెలకు దాదాపు 65,000 రూపాయల వాయిదా. చివరకు బ్యాంకుకు చెల్లించునది సుమారు 1 కోటి 56 లక్షలు. ఉద్యోగము ఆరు నెలలు లేకపోయినను వాయిదా ఆగదు. ఐ.టి. కంపెనీలు ఉద్యోగులను తీసివేయుచున్న వార్తలు మీరును వినుచున్నారు. ఆరు నెలల వాయిదాలు విడిగా దాచియుంచకుండ సంతకము చేయవద్దని మేము చెప్పుచున్నాము.

అయిదవది, ఇంటిలోని న్యాయము. అన్నిటికంటె దీనినే మనము మరచుచున్నాము. ఆ ముప్పది ఏడు లక్షలు ఎక్కడనుండి వచ్చును? పొలము నుండి. ఆ పొలము ఒక్క కుమారునిదేనా? వీలునామా లేకుండ మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారులకును కుమార్తెలకును 1925 నాటి భారత వారసత్వ చట్టము సమాన భాగమే ఇచ్చుచున్నది. అంతకు ఎంతో ముందే సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. వారు అడిగినది న్యాయమేనని దేవుడు చెప్పెను. అట్లుండగా ఆడపిల్లను "పెళ్ళి చేశాము గదా" అని ప్రక్కకు పెట్టి పొలము అమ్ముట ఎట్టి విశ్వాసము? అమ్మకముందు కుమార్తెలను, అల్లుళ్ళను పిలిచి మాటాడుడి. వారి వంతు ఏమిటో కాగితము మీద పెట్టుడి. ఇల్లు కొన్న కుమారుడు అది అప్పుగా తీసికొన్నాడా, తన వంతుగా తీసికొన్నాడా స్పష్టముగా వ్రాయుడి. తండ్రి బ్రతికియుండగా వ్రాసిన ఒక కాగితము, తండ్రి పోయిన తరువాత జరుగు పది పంచాయితీలను ఆపును.

మీ భూమి ప్రభుత్వము ఇచ్చిన అసైన్డ్ భూమియైతే మరింత జాగ్రత్త. అట్టి భూమి అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తెల్లకాగితము మీద అమ్మినవారు భూమిని, డబ్బును రెంటిని పోగొట్టుకొనవచ్చును. తహశీల్దారు కార్యాలయములో విచారించకుండ ఎవరియొద్దను బయానా తీసికొనవద్దు.

ఇక మా సలహా ఇది. బిడ్డ ఆ చోటనే ఒక సంవత్సరము అద్దెకు ఉండవలెను. ఒక వానకాలము, ఒక ఎండాకాలము చూడవలెను. ఆఫీసుకు నిజముగా నడిచి వెళ్ళవలెను. తల్లిదండ్రులను పిలిపించుకొని నెల రోజులు ఉంచుకొనవలెను. అప్పటికిని ఆ చోటు నచ్చి, హద్దు స్పష్టమై, కాగితములు సరియై, వాయిదా తన జీతముతో కట్టగలిగిన యెడల సంతోషముగా కొనవచ్చును. పొలములో కొంత అమ్మవలసి వచ్చినను అందరి సమ్మతితో అమ్ముడి. కాని పొలమంతయు అమ్మవద్దు. ముసలితనములో మీరు నిలుచుటకు మీ పేరున కొంత నేల ఉండవలెను. దానిని చూచి తండ్రికి ధైర్యము, ఇంటికి వచ్చిన కూతురికి గౌరవము.

"మా అబ్బాయికి కోపము వచ్చును" అని భయపడు తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆలస్యము చేసినందుకు వచ్చు కోపము ఒక పండుగకు తీరిపోవును. ఇల్లు కూలినందువలన, తోబుట్టువులు విడిపోయినందువలన కలుగు దుఃఖము అంత త్వరగా తీరదు. ఈ పేజీని మీ బిడ్డలకు చదివి వినిపించుడి, మీకు తెలిసిన చెరువు సంగతులు వారికి చెప్పుడి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక.