అమెరికాలో టీచర్ కొలువు: విమాన టికెట్ ఎప్పుడు, ఎలా కొనాలి?

జే-1 వీసాపై అమెరికా స్కూళ్లలో పాఠాలు చెప్పడానికి వెళ్లే టీచర్లకు, తొలి జీతం రాకముందే పడే పెద్ద ఖర్చు విమాన టికెట్. అక్కడ చాలా స్కూళ్లు ఆగస్టులో తెరుస్తారు. హైదరాబాద్ నుంచి విద్యార్థుల రద్దీ కూడా అప్పుడే కాబట్టి ఛార్జీలు పెరుగుతాయి.

డీఎస్-2019 పత్రంలోని ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి అనుమతిస్తారు. ఆ గడువులోని తేదీల ధరలన్నీ పోల్చి చూడండి.

వీసా చేతికొచ్చాకే కొనండి. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్‌లో నేరుగా బుక్ చేస్తే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే లేదా డబ్బు కట్టకుండా అదే ధరకు టికెట్ నిలిపి ఉంచుకునే వీలు ఇవ్వాలన్నది అమెరికా నిబంధన.

రెండు విడి టికెట్లు చవగ్గా కనిపించొచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే నష్టం సాధారణంగా ప్రయాణికుడిదే. లగేజీ ఛార్జీలూ కలిపి లెక్కేస్తేనే అసలు ధర తేలుతుంది.