సరిహద్దు చరిత్రలు - చదివించు గుణము

పఠనమందిరమున చరిత్ర గ్రంథముల బీరువా తెరచినచో, ఏ పుస్తకము చదువబడుచున్నదో ఏది చదువబడుట లేదో అట్టలే చెప్పును. మధ్య ఆసియా కొరకు ఇంగ్లండు, రష్యాలు పంతొమ్మిదవ శతాబ్దమంతయు సాగించిన పెనుగులాటను గూర్చి పీటర్ హాప్‌కిర్క్ 1990లో ప్రకటించిన ‘ది గ్రేట్ గేమ్’ మా పట్టణపు మందిరమున అట్ట నలిగి, అంచులు మాసి యున్నది. ఆ పోటీ చివరి ఘట్టమును టిబెటు సరిహద్దు వైపునుండి పరిశీలించి అలెస్టెయిర్ లాంబ్ 1966లో రెండు సంపుటములుగా వ్రాసిన ‘ది మెక్‌మహన్ లైన్’ కొన్ననాటి నిగనిగతోనే యున్నది.

మొదటి గ్రంథము జనప్రియమగుట దోషమని మేమనము. వకీలు వాదమెంత న్యాయమైనదైనను, వినవలసిన న్యాయాధిపతి నిద్రించినచో కక్షిదారునకేమి లాభము? చదువబడని చరిత్రయు నట్టిదే. హాప్‌కిర్క్ పూర్వము పత్రికా విలేఖరి. కథ చెప్పుట యెరిగినవాడు. 1842లో బుఖారా నగరమున స్టాడర్టు, కానలీ యను నిరువురు ఇంగ్లీషు సైనికోద్యోగుల శిరశ్ఛేదముతో గ్రంథము నారంభించి, పాఠకుని చేయిపట్టి 1907 వరకు నడిపించుకొనిపోయెను.

ఐనను ఆ పరుగులో మన కన్ను దేనిని దాటిపోవుచున్నదో యోచింపవలసియున్నది. పంజ్‌దే వృత్తాంతమునే తీసికొందము. 1885 మార్చి 30వ తేదీన జనరల్ కొమరోవ్ సేనలు ఆఫ్ఘనులపై బడి ఆ ప్రదేశము నాక్రమించినవి. వందలకొలది ఆఫ్ఘను సిపాయిలు మడిసిరి. లండనులో గ్లాడ్‌స్టన్ మంత్రివర్గము, సూడాను ఖర్చుతో కలిపి, 1 కోటి 10 లక్షల పౌనులకు పార్లమెంటు అనుమతి కోరెను. రావల్పిండిలో డఫరిన్ ప్రభువునకు అతిథిగా నున్న అమీరు అబ్దుర్రహమాను వార్త విని నిబ్బరము వీడలేదు. యుద్ధము తప్పినది. ఆ సెప్టెంబరులోనే ఒప్పందము కుదిరి, జుల్ఫికర్ కనుమ ఆఫ్ఘనులకును, పంజ్‌దే రష్యాకును దక్కెను. ఇట్టి కథ చదువుచుండగా దీపమార్ప బుద్ధిపుట్టదు. కాని పంజ్‌దేలో కాపురమున్నవారెవరు? సారిక్ తుర్కుమానులు, గొఱ్ఱెలు మేపుకొని బ్రదుకువారు. ఊరు చేతులు మారునపుడు వారి నడిగినవారెవరు? ఉత్కంఠకు పనికివచ్చువారు కారు గనుక, ఇట్టి గ్రంథములలో వారికి దక్కు చోటు స్వల్పము. నేడా ప్రదేశము తుర్కుమెనిస్తానులో నున్నది.

మరియొక ప్రశ్న గలదు, అది మనది. ఈ ఆటలో పందెపు సొమ్మెవరిది? 1878-80 నాటి ఆఫ్ఘను యుద్ధవ్యయములో అధికభాగమును మోసినది భారతదేశపు ఖజానా. పంజ్‌దే కలకలము పిమ్మట సైన్యమును మరింత పెంచబూనిరి. ఆ 1885 డిసెంబరులోనే బొంబాయియందు మొట్టమొదట సమావేశమైన కాంగ్రెసు, ఈ సైనికవ్యయపు పెంపు అనావశ్యకమని తీర్మానించినది. మారువేషముతో కనుమలు దాటిన కెప్టెనుల పేర్లు మనకు కంఠపాఠముగా వచ్చుచున్నవి. వారి గుఱ్ఱములకు దాణా పెట్టిన శిస్తు ఏ పొలమునుండి వచ్చెనో చెప్పు పుటలు అరుదు.

ఇక విసుగు పుట్టించు గ్రంథముల మాట. వానిలో నీటివాలులు, శిఖరములు, తంతివార్తలు, సంధిపత్రముల షరతులు నిండియుండును. సామాన్యపాఠకుడు పదిపుటలకు పుస్తకము మూయుటలో వింత లేదు. ఐనను అసలు సాక్ష్యమచ్చటనే దొరకును. 1907 ఆగస్టు 31వ తేదీ నాటి ఇంగ్లండు-రష్యా ఒడంబడికలో, ఆఫ్ఘనిస్తానపు భాగము అమీరు సమ్మతించిన పిదపనే అమలగునని వ్రాసికొనిరి. అమీరు హబీబుల్లా సమ్మతింపలేదు. ఐనను ఉభయ రాజ్యములును అది అమలులో నున్నట్లే నడచుకొన్నవి! మూడవవాని ఆస్తిని గూర్చి అతని సమ్మతి లేక ఇరువురు వ్రాసికొన్న కాగితము చిన్న కోర్టులోనైనను నిలుచునా? ఈ యొక్క షరతును తెలిసికొనుటకు మేము పడిన విసుగు మాకు గిట్టుబాటైనది.

ఈ రెండు తరగతులకును నడుమ నొక త్రోవ లేకపోలేదు. 1839-42 నాటి ఆఫ్ఘను యుద్ధమును గూర్చి విలియం డాల్‌రింపుల్ వ్రాసి 2012లో మన దేశమున వెలువరించిన ‘రిటర్న్ ఆఫ్ ఎ కింగ్’ చదువుటకు హాప్‌కిర్క్ గ్రంథమునకు తీసిపోదు. గ్రంథకర్త ఇంగ్లీషు దొరల డైరీలతో తృప్తిపడక, షా షుజా స్వయముగా చెప్పుకొన్న వృత్తాంతమును, ఆఫ్ఘనుల విజయమును పాడిన పారసీక కావ్యములను గూడ సాక్ష్యముగా గైకొనెను. ఎదిరి పక్షపు సాక్షులు రాగానే కథ చప్పబడలేదు. సరికదా, మరింత రక్తి కట్టినది. తెలుగున ఇట్టి గ్రంథములు అరుదు. వ్రాయబూను యువకులు ఈ పద్ధతిని గమనింతురు గాక.

పటముల సంగతి యొకటి మిగిలినది. పటము లేని సరిహద్దు చరిత్ర చెక్కుబందీ లేని దస్తావేజు వంటిది. కొన్ని పుస్తకములలో పటమున్నను అది గోరంత. పేర్లు చదువుటకు భూతద్దము కావలెను. వఖాను ఎచ్చటనో, 1893 నాటి డ్యూరండు రేఖ ఏ కొండల మీదుగా పోయినదో తెలియక, నాలుగువందల పుటలు చదివి లేచినవారిని మేమెరుగుదుము. ఈ మూడు గ్రంథములను ఒకే అరలో నుంచి, ఎదుటి గోడకు మధ్య ఆసియా పటమొకటి వ్రేలగట్టవలసినదని పఠనమందిర కార్యదర్శులను కోరుచున్నాము. మేకు మేమే తెచ్చెదము.